మూడు తరాల కడుపుమంట

మా తాతయ్య పొట్ట మీద ఛాతీ కిందనుంచి బొడ్డు దాకా నిలువుగా ఒక కుట్ల గీత ఉండేది. వేసవి సెలవుల్లో ఆయన చొక్కా విప్పి అరుగు మీద పడుకుంటే నేను దానిమీద వేలితో రాస్తూ ఉండేవాణ్ణి. నా కంటికది జెర్రిలా కనపడేది. "ఇదేంటి తాతయ్యా?" అంటే "కడుపులో పుండురా, కోశారు" అనేవాడు. అంతకు మించి చెప్పేవాడు కాదు. పక్కన కూర్చుని మిరపకాయల తొడాలు తీస్తున్న నాయనమ్మ మాత్రం "ఎవరి మాటా వినకపోతే అంతే మరి. ఆ కోపం, ఆ కారం" అని మొదలుపెట్టి, చివరికి "ఆ కారం పెట్టింది మాత్రం నేనేగా" అని తనని తనే తిట్టుకుని ఆపేది.

ఆ ఆపరేషను 1974లో జరిగింది. తాతయ్యకి అప్పుడు 34 ఏళ్ళు.

తరవాత నాన్న. నాన్న చొక్కా జేబులో పెన్నుతో పాటు ఎప్పుడూ ఒక రానిటిడిన్ షీటు ఉండేది. ఆ తరవాత నేను. నా లాప్‌టాప్ సంచీలో ఛార్జరుతో పాటు పాంటోప్రజోల్ షీటు. ఒకే ఇల్లు, ఒకే మంట, మూడు తరాలు, మూడు వైద్యాలు. ఈ మూడింటి వెనకా ఉన్న కథ తెలుసుకుందామని కొన్నాళ్ళుగా దొరికింది దొరికినట్టు చదువుతున్నా. చదివిన కొద్దీ నాకు ఒక్క విషయం స్పష్టంగా కనిపించింది. "యాసిడ్‌ని ఎలా ఆపాలి?" అన్న ప్రశ్నకి వైద్యం ఒకదాన్ని మించిన జవాబు ఇంకోటి కనిపెట్టుకుంటూ పోయింది. "అసలిది ఎందుకొచ్చింది?" అన్న ప్రశ్న మాత్రం చాలాకాలం మూలన పడి ఉంది. మా ఇంట్లో కూడా అచ్చం అదే జరిగింది.

ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు, కోడు రాసుకుని బతికేవాణ్ణి. ఇది చదివి ఎవరూ మందు మొదలుపెట్టొద్దు, మానొద్దు. నేను ఆ రెండు తప్పులూ చేశాను, ఆ కథ కూడా కింద ఉంది.

సరే, మొదటినుంచీ వద్దాం.

మన కడుపులో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడ్ అని 1824లో ప్రకటించినవాడు విలియం ప్రౌట్ అనే ఇంగ్లీషు డాక్టరు. ఇంటర్లో కెమిస్ట్రీ ల్యాబులో పిపెట్‌తో భయంభయంగా పీల్చిన యాసిడ్ ఉంది చూశారూ, అదే. రోజుకి సుమారు రెండు లీటర్ల జీర్ణరసం కడుపులో ఊరుతుంది. మరి కడుపు తనని తను ఎందుకు అరిగించుకోదు? లోపలి గోడ మీద జిగురు పొర ఒకటి, దానికింద ఆ యాసిడ్‌ని విరిచే బైకార్బొనేట్ ఉంటాయి కాబట్టి. ఆ పొర దెబ్బతిన్నచోట పుండు పడుతుంది. ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోండి, కథ చివర్లో మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ప్రౌట్ కంటే రెండేళ్ళ ముందు, 1822 జూన్ 6న, అమెరికాలో మిషిగన్ దగ్గర మాకినాక్ దీవిలో ఒక తుపాకి పొరపాటున పేలింది. ఉన్ని తోళ్ళ వ్యాపారంలో పడవలు నడిపే అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే కుర్రాడికి పక్కటెముకల కింద తగిలింది. అక్కడి సైనిక వైద్యుడు విలియం బోమాంట్ అతన్ని బతికించాడు కానీ, గాయం పూర్తిగా మూసుకోలేదు. కడుపులోకి ఒక చిన్న కిటికీలాంటి రంధ్రం మిగిలిపోయింది. బోమాంట్ ఆ రంధ్రంలోంచి మాంసం ముక్కలూ, రొట్టె ముక్కలూ పట్టుదారానికి కట్టి లోపలికి దించి, గంటగంటకీ పైకి లాగి చూసేవాడు. ఏళ్ళ తరబడి చేసిన ఈ పరిశీలనలని 1833లో పుస్తకంగా వేశాడు. జీర్ణక్రియ గురించి మనకి తెలిసిన దాంట్లో చాలా భాగానికి పునాది ఆ పుస్తకమే. సెయింట్ మార్టిన్‌కి మాత్రం ఇదంతా ఇష్టమైన పనేం కాదు. చదువు రాని పేదవాడు, ఒప్పందం మీద డబ్బు కోసం ఒప్పుకున్నాడు, మధ్యలో ఇంటికి వెళ్ళిపోయాడు కూడా. బోమాంట్ పోయాక ఇరవై ఏడేళ్ళు బతికి 1880లో చనిపోయాడు. లాగ్ ఫైలు తెరిచి చూసుకున్నంత తేలిగ్గా ఒక మనిషి కడుపులోకి చూశారన్నమాట. ఆ మనిషి పేరు మాత్రం మనకి ఏ పాఠంలోనూ చెప్పరు.

1910లో కార్ల్ ష్వార్జ్ అనే క్రొయేషియా సర్జను ఒక సూత్రం చెప్పాడు: యాసిడ్ లేకపోతే పుండు లేదు. నిజానికి మంచి పరిశీలనే. యాసిడ్ ఊరనివాళ్ళకి ఆ రకం పుళ్ళు పడవు. కానీ జనం దాన్ని "యాసిడ్ వల్లే పుండు" అని చదువుకున్నారు. ఈ రెంటికీ తేడా ఉంది. ఆక్సిజన్ లేకపోతే మంట అంటుకోదు. అంతమాత్రాన ఇల్లు తగలబడితే ఆక్సిజన్ మీద కేసు పెట్టం కదా!

ఆ సూత్రం మీదే తర్వాతి డెబ్బై ఏళ్ళ వైద్యం నడిచింది. 1915లో షికాగోలో బెర్ట్రామ్ సిప్పీ అనే డాక్టరు తన పేరుతో ఒక పథ్యం ప్రచారంలోకి తెచ్చాడు. గంటగంటకీ పాలూ మీగడా, మధ్యమధ్యలో సోడా పొడుల్లాంటి క్షారాలు. మంట తగ్గేది. కానీ అన్నేసి పాలూ, అంత క్షారమూ కలిసి కొంతమందికి రక్తంలో కాల్షియం పెరిగిపోయి కిడ్నీలు దెబ్బతినేవి. వంటసోడా కథ మన ఇళ్ళలోనూ తెలిసిందే. తాతయ్య కూడా పొలం వెళ్తూ సోడా పొట్లం రొంటిన దోపుకునేవాడట.

పథ్యాలకి లొంగకపోతే కత్తి. కడుపులో కొంత భాగం తీసేయడం ఒక పద్ధతి. 1943లో షికాగోలోనే లెస్టర్ డ్రాగ్‌స్టెట్ ఇంకో పద్ధతి మొదలుపెట్టాడు. యాసిడ్ ఊరించమని మెదడు నుంచి కడుపుకి కబురు మోసుకొచ్చేది వేగస్ నరం, దాన్నే కత్తిరించేస్తే? కబురు ఆగింది, యాసిడ్ తగ్గింది. కానీ ఆ నరం కడుపుని కదిలించే పని కూడా చేస్తుంది. అది తెగితే తిన్నది కిందికి జారదు. అందుకని కడుపుకీ చిన్నపేగుకీ ఇంకో దారి కలిపి కుట్టేవారు. వరి తినే దక్షిణ భారతంలో ఈ చిన్నపేగు మొదటి పుళ్ళు చాలా ఎక్కువగా ఉండేవి. మైసూరులో చాలా ఏళ్ళు పనిచేసిన ఫ్రాంక్ టోవే అనే ఇంగ్లీషు సర్జను దీనిమీదే పరిశోధన చేశాడు, తిండికీ పుండుకీ సంబంధం ఏంటని. ఆ రోజుల్లో మన జిల్లా ఆసుపత్రుల్లో సర్జన్లకి ఇది రోజువారీ పని.

మా తాతయ్యకి చేసింది అదే. నరం కోసి, కడుపుని పేగుకి కలిపారు. ఆపరేషన్‌కి ఎకరం పొలం పోయింది. మంట పోయింది నిజమే. కానీ ఆ తరవాత ముప్పై ఏళ్ళు ఆయన కడుపు నిండా ఒక్కసారిగా తినలేదు. పెళ్ళిలో ఒక లడ్డూ తింటే ఒళ్ళంతా చెమటలు పట్టి, గుండె దడదడలాడి, పక్కకెళ్ళి పడుకునేవాడు. తీపి తిన్నది ఆగాల్సినచోట ఆగకుండా పేగులోకి దభీమని జారిపోవడం వల్ల అలా అవుతుందని నేను ఈమధ్యే చదివా. ఇంట్లోవాళ్ళు మాత్రం "ఆయనకి తీపి పడదు" అనుకున్నారు. నాయనమ్మ ఆయన కంచంలో గోంగూర పచ్చడి మానేసింది. తనూ మానేసింది.

ఇప్పుడు ఇంగ్లండుకి వెళ్దాం. ఎందుకంటే తాతయ్య ఆపరేషను బల్ల ఎక్కిన ఏడాదికే, అక్కడ వెల్విన్ గార్డెన్ సిటీ అనే ఊళ్ళో, ఆ ఆపరేషను అక్కర్లేకుండా చేసే మందు సగం తయారై ఉంది.

జేమ్స్ బ్లాక్ అనే స్కాటిష్ శాస్త్రవేత్త అప్పటికే ప్రొప్రనొలాల్ అనే గుండెమందు కనిపెట్టి పేరు తెచ్చుకున్నాడు. 1964లో స్మిత్ క్లైన్ అండ్ ఫ్రెంచ్ కంపెనీలో చేరి కడుపు మీద పడ్డాడు. హిస్టమిన్ అనే పదార్థం కడుపులో యాసిడ్ ఊరిస్తుందని పోలండుకి చెందిన పొపియెల్‌స్కీ 1916లోనే కుక్క మీద చూశాడు. మరి జలుబుకీ దద్దుర్లకీ వేసుకునే యాంటీ హిస్టమిన్ బిళ్ళలతో యాసిడ్ ఎందుకు తగ్గదు? బ్లాక్ ఊహ ఏమిటంటే, హిస్టమిన్ ఒకటే తాళంచెవి, కానీ అది తెరిచే తాళాలు రెండు రకాలు. ముక్కులో ఉన్న తాళం వేరు, కడుపులో ఉన్న తాళం వేరు. రెండోదానికి పట్టే దొంగతాళంచెవి, అంటే కప్పలోకి దూరి తిరగకుండా ఇరుక్కుపోయేది, ఒకటి చేయాలి.

సుమారు 700 పదార్థాలు చేసి చూశారు. 1972లో బురిమమైడ్ దొరికింది, కానీ బిళ్ళగా మింగితే పెద్దగా పనిచేయలేదు. తరవాత మెటియమైడ్, అది బాగా పనిచేసింది, కానీ కొంతమందిలో తెల్ల రక్తకణాలు పడిపోయాయి. అణువులో ఆ తేడా చేస్తున్నదనుకున్న భాగాన్ని మార్చి సిమెటిడిన్ చేశారు. 1976 నవంబరులో బ్రిటన్‌లో, 1977లో అమెరికాలో 'టాగమెట్' పేరుతో వచ్చింది. పుళ్ళకి కత్తి పెట్టడం కొన్నేళ్ళలోనే బాగా తగ్గిపోయింది. బ్లాక్‌కి 1988లో నోబెల్ వచ్చింది.

1974కీ 1976కీ మధ్య రెండేళ్ళు. మన దగ్గరికి రావడానికి ఇంకొన్నేళ్ళు వేసుకోండి. తాతయ్య పొట్ట మీద జెర్రి ఆ కొద్ది ఏళ్ళ తేడా.

సిమెటిడిన్‌కి ఒక ఇబ్బంది ఉంది. లివరులో మందులని విరగ్గొట్టే ఎంజైములకి అది అడ్డుపడుతుంది. దాంతో రక్తం పల్చబరిచే వార్ఫరిన్, మూర్ఛకి వాడే ఫెనిటాయిన్ లాంటివి ఒంట్లో పేరుకుపోతాయి. ఎక్కువ మోతాదులో కొందరు మగవాళ్ళకి రొమ్ములు పెరిగేవి. గ్లాక్సో కంపెనీ ఈ ఇబ్బందులు బాగా తక్కువగా ఉన్న రానిటిడిన్‌ని 1981లో తెచ్చింది. కొన్నేళ్ళకే ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన మందు అదే అయింది. నాన్న జేబులో షీటు అదే. పెళ్ళి భోజనానికి ముందొకటి, బస్సు ప్రయాణానికి ముందొకటి. మా ఇంట్లో దాని పేరు 'గ్యాస్ బిళ్ళ'.

రానిటిడిన్ కథ ఎలా ముగిసిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2019 సెప్టెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ ఈ బిళ్ళల్లో ఎన్‌డీఎంఏ అనే మలినం కనపడిందని చెప్పింది. అది క్యాన్సరు తెచ్చే అవకాశం ఉన్న పదార్థం. నిలవ ఉన్నకొద్దీ, వేడి తగిలినకొద్దీ ఆ మలినం పెరుగుతోందని తేలాక, 2020 ఏప్రిల్ 1న మొత్తం సరుకు మార్కెట్ నుంచి తీసేయమంది. మన దేశం 2022లో అత్యవసర మందుల జాబితాలోంచి రానిటిడిన్‌ని తొలగించింది. అదే కుటుంబంలోని ఫామోటిడిన్‌లో ఈ సమస్య కనపడలేదు. నలభై ఏళ్ళు కోట్లమంది నిశ్చింతగా మింగిన బిళ్ళ గురించి కొత్త సంగతి తెలిసిందంటే, మందు విషయంలో 'ఏమీ కాదులే' అనే మాట ఎంత తేలికైనదో ఆలోచించండి.

ఇక నా బిళ్ళ. దీని పుట్టిల్లు స్వీడన్.

హిస్టమిన్ తాళం ఒకటి మూసినా, యాసిడ్ ఊరించడానికి కడుపుకి వేరే దారులున్నాయి. నరం ఒకటి, గాస్ట్రిన్ అనే హార్మోను ఒకటి. అన్ని దారులూ చివరికి కలిసేది మాత్రం ఒక్కచోటే. యాసిడ్ ఊరించే కణాల గోడలో ఉన్న ఒక చిన్న మోటారు అది. దాన్ని ప్రోటాన్ పంపు అంటారు. ఒక పొటాషియం అయాన్ లోపలికి తీసుకుని ఒక హైడ్రోజన్ అయాన్ బయటికి తోస్తుంది. రక్తంలో ఉన్నదానికి పది లక్షల రెట్లు గాఢతకి ఎదురుగా తోస్తుంది! 1970లలో ఈ పంపు సంగతి బయటపడింది. స్వీడన్‌లో మోల్న్‌డాల్‌లో ఉన్న హెస్లే అనే ఆస్ట్రా అనుబంధ సంస్థ 1979లో ఒమెప్రజోల్ తయారుచేసింది. మధ్యలో ఒకసారి పని ఆగిపోయింది. 1984లో, జీవితాంతం ఎక్కువ మోతాదు ఇచ్చిన ఎలుకల కడుపులో గడ్డలు కనపడ్డాయి. యాసిడ్ బొత్తిగా లేకపోవడంతో గాస్ట్రిన్ విపరీతంగా పెరిగి అలా అయిందని తేలాక మళ్ళీ మొదలుపెట్టారు. 1988లో 'లోసెక్' పేరుతో స్వీడన్‌లో వచ్చింది. అమెరికాలో ఆ పేరు చూసి 'లాసిక్స్' అనే ఇంకో మందనుకుని పొరపడుతున్నారని 'ప్రైలోసెక్'గా మార్చాల్సొచ్చింది. వేరియబుల్స్‌కి దగ్గరదగ్గర పేర్లు పెట్టొద్దని మా లీడ్ ఎందుకు మొత్తుకుంటాడో నాకప్పుడు అర్థమైంది :)

మన దగ్గరికి ఇది త్వరగా, చవగ్గా రావడానికి కారణం 1970 పేటెంట్ చట్టం. మందు మీద కాకుండా తయారీ పద్ధతి మీద మాత్రమే పేటెంట్ ఇచ్చేవాళ్ళు. 2005 దాకా అదే నడిచింది. వేరే పద్ధతిలో చేసుకుంటే తప్పు లేదు. హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ 1990లలో అమ్మిన 'ఒమెజ్' అలా వచ్చిందే. ఆ పేరు మన ఊళ్ళలో మందు పేరుకన్నా ఎక్కువమందికి తెలుసు.

ఈ మందు పనిచేసే తీరు తెలిస్తే ఎలా వేసుకోవాలో ఎవరూ చెప్పక్కర్లేదు. బిళ్ళలో ఉన్నది నిద్రపోతున్న మందు. యాసిడ్ తగిలితేనే మేలుకుంటుంది. కడుపులోనే మేలుకుంటే అక్కడే నాశనం అయిపోతుంది కాబట్టి పైన ఒక పూత వేస్తారు. అందుకే నమలకూడదు, నూరకూడదు. పేగులో కరిగి, రక్తంలో కలిసి, యాసిడ్ ఊరించే కణాలకి వెనకదారిన చేరుతుంది. ఆ కణంలోని సన్నటి కాలవల్లో రక్తంలోకంటే వెయ్యి రెట్లు చిక్కగా పోగుపడి, అక్కడి యాసిడ్ తగిలి మేలుకుని, పంపుకి అతుక్కుపోతుంది. ఇక ఊడదు. మందు గంటా రెండు గంటల్లో రక్తంలోంచి వెళ్ళిపోయినా, కొత్త పంపులు తయారయ్యేదాకా పాతవి మూతపడే ఉంటాయి. అందుకే రోజుకి ఒకటి చాలు.

ఇక్కడో మెలిక. నడుస్తున్న పంపుకే అతుక్కుంటుంది, ఆగి ఉన్నదానికి కాదు. రాత్రంతా తినకుండా ఉండి పొద్దున తింటే ఎక్కువ పంపులు ఒక్కసారిగా నడుస్తాయి. అందుకని టిఫినుకి అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. మందు రక్తంలోకి చేరేసరికి పంపులు మొదలవ్వాలి. ఒక్క రోజులో అన్ని పంపులూ దొరకవు, పూర్తి ఫలితానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. మంట పుట్టాక వేసుకుని పది నిమిషాల్లో తగ్గాలంటే ఇది ఆ మందు కాదు. దానికి యాంటాసిడ్ ద్రావకం ఉంది.

నేనేం చేశానంటే, రెండేళ్ళపాటు రాత్రి బిర్యానీ తిన్నాక వేసుకున్నా. నడుంనొప్పికి నొప్పిబిళ్ళలు రాసిన డాక్టరు, కడుపుకి తోడుగా దీన్ని పది రోజులకి రాశాడు. ఆ పది రోజులనీ రెండేళ్ళు చేసింది నేనే. చీటీ ఉంటేనే ఇవ్వాల్సిన మందే, కానీ పేరు చెప్తే ఏ మూల మీద అడిగినా దొరికేది. పైగా నాకున్న అసలు బాధ పొట్ట ఉబ్బరం. ఈ మందుకీ గ్యాస్‌కీ సంబంధమే లేదు. యాసిడ్ తగ్గిస్తుంది, గాలి తీసేయదు. 'గ్యాస్ బిళ్ళ' అనే పేరే తప్పు. ఒకరోజు కోపమొచ్చి ఒక్కసారిగా మానేశా. నాలుగో రోజుకి గొంతు దాకా నిప్పులు. "ఇది లేకుండా బతకలేను" అనుకుని మళ్ళీ మొదలుపెట్టా.

అదీ మందు గుణమేనని తరవాత తెలిసింది. యాసిడ్ లేకపోతే శరీరం గాస్ట్రిన్ పెంచుతుంది. మందు ఆపగానే పెరిగిన గాస్ట్రిన్ అంతా కలిసి యాసిడ్‌ని ముందుకంటే ఎక్కువ ఊరిస్తుంది. 2009లో డెన్మార్క్‌లో ఏ జబ్బూ లేని 120 మందిని తీసుకుని, సగంమందికి ఎనిమిది వారాలు ఈ జాతి మందు ఇచ్చి వాళ్ళకి తెలియకుండా ఆపారు. ఆపాక నాలుగు వారాల్లో వాళ్ళలో 44 శాతం మందికి మంటలు వచ్చాయి. ఉత్తుత్తి బిళ్ళ వేసుకున్నవాళ్ళలో 15 శాతమే. అంటే జబ్బు లేనివాడికి కూడా, మందు ఆపితే జబ్బున్నట్టు అనిపిస్తుంది! నేను డాక్టరు చెప్పినట్టు మోతాదు తగ్గించుకుంటూ, మధ్యలో యాంటాసిడ్ వాడుకుంటూ ఆరు వారాల్లో మానేశా.

ఇంత బాగా పనిచేసే మందుతో ప్రమాదం అదే. మంట మాయమవుతుంది, దాంతో కారణం వెతకడం కూడా మానేస్తాం. ఎర్రర్ మెసేజి కనపడకుండా చేసి టికెట్ మూసేసినట్టు.

2023లో ఒక రాత్రి నాన్నకి ఛాతీలో మంటగా ఉందన్నాడు. రానిటిడిన్ పోయాక నాన్న కూడా నా షీటుకే మారాడు. ఒకటి మింగి, "గ్యాస్‌లేరా, పడుకో" అన్నాడు. నేను పడుకున్నా. తెల్లవారుజామున చెమటలు కారుతూ నన్ను లేపాడు. అది గ్యాస్ కాదు, గుండె. స్టెంటు వేశారు, బతికాడు. "గ్యాస్ అనుకున్నాం" అనే మాట మన ఊళ్ళలో ఎన్ని చావుల దగ్గర విని ఉంటాం! అయినా ఆ రాత్రి మా ఇంట్లో మేమూ అదే అనుకున్నాం. ఛాతీలో మంటా బరువూ, చెమట, దవడకో చేతికో పాకే నొప్పి, ఆయాసం ఉంటే బిళ్ళ వేసుకుని ఎదురుచూడకూడదు. ఆసుపత్రికి వెళ్ళి ఈసీజీ తీయించుకోవాలి, అంతే.

ఆ తరవాత నా రెండో తప్పు. అప్పటికి నేను ఈ మందుల మీద తెగ చదివేసి ఉన్నా. దీర్ఘకాలం వాడితే ఎముకలు విరగడం, మెగ్నీషియం పడిపోవడం, పేగులకి క్లాస్ట్రిడియం ఇన్ఫెక్షను, వీటిమీద ఎఫ్‌డీఏ 2010 నుంచి 2012 మధ్య వరసగా హెచ్చరికలు ఇచ్చింది. బీ12 తగ్గుతుందని కూడా ఉంది. నాన్న చీటీలో పాంటోప్రజోల్ చూసి "నాన్నా, ఇది మానెయ్యి" అన్నా. రెండు వారాలు మానేశాడు కూడా. తరవాత చూపించుకోడానికి వెళ్ళినప్పుడు గుండె డాక్టరు నన్ను ఉతికి ఆరేశాడు. స్టెంటు వేసినవాళ్ళకి ఆస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ రెండూ ఇస్తారు. రెండూ రక్తాన్ని గడ్డకట్టనివ్వవు. కడుపులో చిన్న పుండు పడినా ఆగకుండా రక్తం పోతుంది. దానికి కాపలాగా పెట్టింది ఈ బిళ్ళ. పైగా ఒమెప్రజోల్ అయితే క్లోపిడోగ్రెల్ పనిని తగ్గిస్తుందని 2009లోనే హెచ్చరిక ఉంది, అందుకే ఆలోచించి పాంటోప్రజోల్ రాశాడు. 2019లో వచ్చిన పెద్ద పరీక్షలో 17 వేలకు పైగా గుండె రోగులకి సుమారు మూడేళ్ళు పాంటోప్రజోల్ లేదా ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చి చూస్తే, స్పష్టంగా పెరిగింది పేగు ఇన్ఫెక్షన్లు మాత్రమే, అదీ 1.0 నుంచి 1.4 శాతానికి. మిగతా భయాలు అందులో రుజువు కాలేదు.

అంటే ఒకే ఇంట్లో ఒకే బిళ్ళ. నాకు అనవసరం, నాన్నకి అవసరం. నేను మొదలుపెట్టకూడని చోట మొదలుపెట్టా, ఆపకూడని చోట ఆపించా. రెండుసార్లూ నేను అడగనిది ఒకటే ప్రశ్న: ఇది ఎందుకు రాశారు?

ఇప్పుడు మళ్ళీ తాతయ్య పుండు దగ్గరికి. ఆ జిగురు పొరని దెబ్బతీసింది ఎవరు?

1979లో ఆస్ట్రేలియాలో పెర్త్ నగరంలో రాబిన్ వారెన్ అనే పాథాలజిస్టు కడుపు ముక్కల్ని మైక్రోస్కోపులో చూస్తుంటే వంకర్లు తిరిగిన బాక్టీరియా కనపడింది. అంత యాసిడ్‌లో ఏ క్రిమీ బతకదని అప్పటి నమ్మకం. 1981లో బారీ మార్షల్ అనే కుర్ర డాక్టరు ఆయనతో కలిశాడు. ఆ క్రిమిని పెంచడానికి ఎన్నిసార్లు ప్రయత్నించినా రాలేదు. 1982లో ఈస్టరు సెలవుల వల్ల గాజు పళ్ళాలు మామూలుకంటే ఎక్కువ రోజులు ఇంక్యుబేటర్లో ఉండిపోయాయి. తెరిస్తే పెరిగి ఉంది! అదే ఇప్పుడు మనం హెలికోబాక్టర్ పైలోరీ అంటున్నది. ఎవరూ నమ్మకపోయేసరికి మార్షల్ 1984లో ఆ క్రిముల ద్రావకాన్ని తనే తాగాడు. వారం పది రోజుల్లో వాంతులు, కడుపు లోపల వాపు. చిన్నపేగు మొదటి పుళ్ళలో అత్యధిక భాగానికి ఈ క్రిమే కారణమని తేలింది. ఆస్ప్రిన్ లాంటి నొప్పిబిళ్ళలు రెండో కారణం. క్రిమిని పోగొట్టే వైద్యమే చేయాలని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ నిపుణులు చెప్పడానికి 1994 దాకా పట్టింది. వారెన్, మార్షల్‌లకి 2005లో నోబెల్ వచ్చింది.

ఈ క్రిమి మన దేశంలో సగంమందికి పైగా కడుపుల్లో ఉంటుంది. చాలామందికి ఏమీ చేయదు. పుండు చేసినవాళ్ళకి మాత్రం రెండు మూడు యాంటీబయాటిక్కులూ, ఒక యాసిడ్ మందూ కలిపి సుమారు రెండు వారాలు. మధ్యలో మానకుండా వాడితే పుండు తిరిగి రావడం దాదాపు ఉండదు. పరీక్షకి వెళ్ళేముందు మాత్రం నా బిళ్ళలాంటివి రెండు వారాలు ఆపమంటారు, లేకపోతే క్రిమి ఉన్నా లేనట్టు చూపిస్తుంది. చూశారా, మంటని దాచే మందు కారణాన్ని కూడా దాచేస్తుంది. నల్లటి మలం, రక్తపు వాంతి, మింగడం కష్టమవ్వడం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే బిళ్ళతో నెట్టుకురావద్దు అనేది కూడా ఇందుకే.

తాతయ్య 2004లో పోయాడు, నోబెల్‌కి ఏడాది ముందు. ఆయన పుండుకి ఎవరూ పరీక్ష చేయలేదు. కానీ నొప్పిబిళ్ళలు ఎరగని రైతు, 1974, చిన్నపేగు పుండు. ఎక్కువ అవకాశం ఆ క్రిమిదే. కోపం వల్ల కాదు. పచ్చడి వల్ల అసలే కాదు. కారం పుండు ఉన్నచోట మండించగలదేమో కానీ, పుండుని పుట్టించదు.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు నాయనమ్మకి చెప్పా. ఎనభైకి దగ్గరపడింది, చెవి కొంచెం తగ్గింది, కాబట్టి గట్టిగా చెప్పాల్సొచ్చింది. "నాయనమ్మా, తాతయ్య కడుపులో పుండు నీ కారం వల్ల కాదంట. పురుగంట. అప్పుడు తెలిసుంటే రెండు వారాలు మందులేస్తే పోయేదంట." రెండుసార్లు చెప్పించుకుంది. కాసేపు ఏం మాట్లాడలేదు. తరవాత, "ఎకరం అమ్మించారు కదరా మరి" అంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర కంచంలో గోంగూర పచ్చడి వేసుకుంది. కొంచెమే.

మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు ఏళ్ళ తరబడి ఈ బిళ్ళ వేసుకుంటూనే ఉంటారు. మానమని చెప్పకండి. ఎందుకు మొదలుపెట్టారో అడగండి. గుర్తులేదంటే, ఆ షీటు పట్టుకుని వాళ్ళతో పాటు డాక్టరు దగ్గరికెళ్ళి ఆయన్ని అడగండి.